మట్టి ట్రాక్‌కు కొత్తవాళ్ళు రావాలంటే ఏ బండి? ఎక్స్‌పల్స్ 200 4వి మీద మా మాట

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో ముందు చూసేది పళ్ళు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. రెండు పళ్ళ జతను సీనియర్ల బండకు కట్టమని ఏ కమిటీ అడగదు. అందుకే కొత్తగా గిత్తలు మేపుతున్న రైతు కూడా ధైర్యంగా జతను తోలుకొస్తాడు. తన వరస తనకుంది. మట్టి ట్రాక్ మీద బైకు పందేలకు ఈ పద్ధతి ఇంకా సరిగా పట్టుబడలేదు. గట్టు నిండా చూసేవాళ్ళుంటారు, గీత మీద నిలిచే బళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కుర్రాళ్ళకు ధైర్యం లేక కాదు. పక్కన నిలిచిన బండి తన బండికి రెట్టింపు సత్తా ఉన్నదైతే, పెట్టిన ఎంట్రీ ఫీజు దుమ్ము తినడానికే అని వాళ్ళకు తెలుసు.

కాబట్టి ఈ సమీక్షలో హీరో ఎక్స్‌పల్స్ 200 4వి ఎంత వేగం పోతుందన్నది మాకు ముఖ్యం కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక క్లబ్బు ఈ బండినే ఆధారం చేసుకుని కొత్తవాళ్ళ విభాగం నడపొచ్చా, దానికి ఏమేం చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది అన్నదే చూశాం. నడపొచ్చు, కొన్ని షరతుల మీద.

మొదట బండి సంగతి. 199.6 సీసీ ఇంజిను, ఆయిల్ కూలింగు, అయిదు గేర్లు. 19 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ శక్తి, 6,500 ఆర్పీఎం దగ్గర 17.35 న్యూటన్ మీటర్ల టార్క్. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18 అంగుళాలది, రెండూ పుల్లల చక్రాలే. ముందు సస్పెన్షన్ 190 మిల్లీమీటర్లు కదులుతుంది, వెనకది 170. నేలకూ బండి కడుపుకూ మధ్య ఎత్తు 220 మిల్లీమీటర్లు, సీటు ఎత్తు 825. బరువు 160 కిలోలకు అటూ ఇటూ. ఇదే పేరుతో వచ్చిన 200టి మాత్రం ఈ పనికి రాదు. దానికి 17 అంగుళాల అలాయ్ చక్రాలు, రోడ్డు టైర్లు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు పేరు చూసి మోసపోకూడదు.

కాగితం మీద 19 హార్స్‌పవర్ చిన్నదిగానే కనిపిస్తుంది. కొత్తవాడికి అదే మేలు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తెలియక ఎక్కువ తిప్పినా వెనక చక్రం ఒక్కసారిగా జారి బండి అడ్డం తిరగదు, మెల్లగా పక్కకు జరుగుతుంది. దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. అసలైన మోటోక్రాస్ బండి, అంటే మట్టి పందేలకే తయారుచేసింది, దీనికన్నా దాదాపు 50 కిలోలు తేలిక, శక్తి రెట్టింపు. కానీ దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, ధర ఎన్నో రెట్లు, ట్రాక్ దాకా తీసుకెళ్ళడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. ఎక్స్‌పల్స్ సోమవారం కాలేజీకీ పోతుంది, ఆదివారం ట్రాక్‌కూ పోతుంది. ఒక ఊరి క్లబ్బులో పాల్గొనేవాళ్ళు పెరగాలంటే ఈ ఒక్క గుణం మిగతా అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

లోపాలు కూడా ఉన్నాయి. బరువు మొదటిది. బండి పడితే లేపడానికి కొత్తవాడికి ఊపిరి పోతుంది, ఎండలో రెండు సార్లు లేపేసరికి మూడో హీటుకు (ఒక్కో విడత పందేన్ని హీటు అంటారు) చేతుల్లో పట్టు ఉండదు. రెండోది ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ గొట్టాలు. గుంతల రోడ్డుకు హాయిగా ఉంటుంది గాని, రెండడుగుల దిబ్బ ఎగిరి దిగితే అడుగుకు కొట్టేస్తుంది. అందుకే కొత్తవాళ్ళ విభాగానికి ఎగిరే దిబ్బలు పెట్టకూడదని మా గట్టి అభిప్రాయం. చక్రాలు నేల వదలకుండా దాటగలిగే గుండ్రటి మిట్టలు, వెడల్పాటి మలుపులు చాలు. మూడోది ఎత్తు. 825 మిల్లీమీటర్ల సీటు మీద అయిదడుగుల మూడంగుళాల మనిషికి ఒక కాలి ముని వేళ్ళే ఆనుతాయి. బయల్దేరే చోట గీత పక్కన ఒక ఇటుక పెట్టుకోనిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గాని, అమ్మాయిలూ పొట్టిగా ఉన్న కుర్రాళ్ళూ పేరు ఇవ్వకుండా వెనక్కి పోయేది సరిగ్గా ఇక్కడే.

ఫ్యాక్టరీ నుంచే ర్యాలీ సస్పెన్షన్‌తో వచ్చే ‘ప్రో’ రకం ఉంది. ముందు 250, వెనక 220 మిల్లీమీటర్ల కదలిక, సీటు ఎత్తు 891. మంచి బండి. ఫోర్కును మన బరువుకు తగ్గట్టు మార్చుకునే వీలు కూడా ఉంది. అయినా దాన్ని కొత్తవాళ్ళ విభాగంలోకి రానీయకూడదు. మామూలు రకంతో వచ్చినవాడు ప్రో పక్కన నిలిస్తే మనం తప్పించాలనుకున్న అసమానతే మళ్ళీ దొడ్డిదారిన వచ్చినట్టు. ప్రోకూ, ర్యాలీ కిట్ బిగించిన బళ్ళకూ వేరే వరస పెట్టాలి. మొదటి విభాగంలో మార్చుకోనివ్వాల్సినవి టైర్లు, ముందు స్ప్రాకెట్ (చెయిన్‌ను తిప్పే పళ్ళ చక్రం), హ్యాండిల్ పిడులు, లివర్లు, ఇంజిన్ కింద కవచం మాత్రమే. సైలెన్సరు, ఇంజిను, సస్పెన్షన్ ముట్టుకోకూడదు.

బండిని ఆదివారానికి సిద్ధం చేయడం ఒక పూట పని. ట్రాక్ చేరాక అద్దాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు, వెనక చీర గార్డు తీసేయాలి. హెడ్‌లైటు అద్దానికి అడ్డంగా, నిలువుగా టేపు వేయాలి. పగిలితే ముక్కలు ట్రాక్ మీద రాలి పంచర్లు చేస్తాయి. సైడ్ స్టాండును ఊడదీయడమో, లాగి గట్టిగా కట్టేయడమో చేయాలి. మలుపులో స్టాండు జారి నేలకు తగిలితే బండి మనిషితో సహా గిరాటేస్తుంది. లివర్ల కొనలు గుండ్రంగా ఉన్నాయా, హ్యాండిల్ రెండు చివర్లా మూతలు ఉన్నాయా చూడాలి. ఖాళీ గొట్టం పొట్టలో దిగితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. క్లచ్, బ్రేకు లివర్లను బిగించే నట్లను పూర్తిగా బిగించకూడదు. పడినప్పుడు లివరు పక్కకు తిరగాలి, విరగకూడదు.

పుల్లలు మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. కొత్త బండి అయినా మట్టిలో మొదటి రోజు తిరిగాక పుల్లలు వదులవుతాయి. చిన్న స్పానరుతో ఒక్కో పుల్లను తట్టండి. బిగువుగా ఉన్నది గణగణమంటుంది, వదులైనది మొద్దు చప్పుడు చేస్తుంది. వదులైన దాన్ని పావు చుట్టు మాత్రమే తిప్పాలి. వరసగా పక్కపక్కవి కాకుండా మూడేసి వదిలి నాలుగోది బిగిస్తూ పోవాలి. ఒకే వైపు లాగితే రిమ్ము వంకర పోతుంది. ప్రతి హీటు తర్వాత రెండు నిమిషాలు దీనికి కేటాయిస్తే చక్రంతో ఇబ్బంది తగ్గుతుంది.

గాలి విషయంలో మన ఎండలు లెక్కలోకి తీసుకోవాలి. గట్టిపడిన ఎర్రమట్టి మీద ముందు 18, వెనక 20 పీఎస్‌ఐ మొదలుపెట్టడానికి సరైన కొలత. ఉదయం ఏడింటికి పట్టిన గాలి, పదకొండింటికి టైరు పదిహేను డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 పీఎస్‌ఐ పెరుగుతుంది. అప్పుడు టైరు బిర్రుగా మారి మలుపులో పట్టు తగ్గుతుంది. తన పొరపాటేమో అనుకుని కొత్తవాడు భయపడతాడు. కాబట్టి ప్రతి హీటు ముందు కొలవాలి. మైపాడు, కోడూరు వైపు ఇసుకలో సాధన చేసేవాళ్ళు గాలి ఇంకా తగ్గిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఇవి ట్యూబు టైర్లు. టైరును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ లాక్ బిగించకుండా 15 కిందికి దించితే, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు రిమ్ము తిరుగుతుంది గాని టైరూ ట్యూబూ వెనకబడతాయి. వాల్వు వంగి, ట్యూబుకు అతికిన చోటే తెగుతుంది. ఆ ట్యూబుకు పంచర్ షాపులో కూడా మందు లేదు. వాల్వు రిమ్ములోంచి ఏటవాలుగా బయటికి వచ్చినట్టు కనిపిస్తే అప్పుడే ఆపి సరిచేయాలి.

టైర్లు మార్చుకోవాలనుకుంటే ముందు 90/90-21, వెనక 120/80-18. బొడిపెల టైర్లు వెనకకు మాత్రమే వేసి ముందు పాతదే ఉంచడం పొదుపుగా అనిపిస్తుంది గాని అది తప్పు. వెనక పట్టు పెరిగి ముందు చక్రం జారడం మొదలవుతుంది. ముందు చక్రం జారితే నిలబెట్టుకోవడం అనుభవమున్నవాళ్ళకే కష్టం. డబ్బులు ఒక్క టైరుకే ఉంటే ముందుకే వేయండి.

ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గిస్తే చక్రానికి అందే లాగుడు ఏడెనిమిది శాతం పెరుగుతుంది, గరిష్ఠ వేగం అంతే తగ్గుతుంది. చిన్న ట్రాక్ మీద గరిష్ఠ వేగంతో పనే ఉండదు కాబట్టి ఇది అతి తక్కువ ఖర్చులో వచ్చే మంచి మార్పు. దీనివల్ల మూడో గేరులో మలుపు తిరగొచ్చు, రెండో గేరుకు దిగి ఇంజిను అరిపించాల్సిన అవసరం తగ్గుతుంది. చెయిన్‌ను మాత్రం అతిగా బిగించొద్దు. వెనక చక్రం పైకి వెళ్ళేకొద్దీ చెయిన్ ఇంకా బిగుసుకుంటుంది. నిలిపినప్పుడే బిర్రుగా ఉంటే, గుంతలో పడ్డప్పుడు గేరుపెట్టె షాఫ్టు బేరింగు మీద భారమంతా పడుతుంది. మాన్యువల్లో ఉన్న వదులు కొలతలో ఎక్కువ వైపుకు ఉంచడమే క్షేమం.

వెనక షాక్ అబ్జార్బరుకు పది మెట్ల సర్దుబాటు ఉంది. ఎంతలో పెట్టాలన్నది ఊహించి చెప్పేది కాదు, కొలవాలి. బండిని ఎత్తి వెనక చక్రం గాల్లో ఉండగా చక్రం ఇరుసు నుంచి పైన తోక మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత రైడరు హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చున్నాక మళ్ళీ కొలవండి. తేడా 50 నుంచి 55 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే మొత్తం కదలికలో మూడో వంతు. అంతకన్నా ఎక్కువ దిగితే మెట్టు బిగించాలి. ఒకే బండిని ఇద్దరు పంచుకుని నడిపే పద్ధతిని మేం గట్టిగా సమర్థిస్తాం, క్లబ్బులో మనుషుల సంఖ్య పెరగడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. అయితే 55 కిలోల మనిషి దిగి 80 కిలోల మనిషి ఎక్కేటప్పుడు ఈ మెట్టు మార్చడం మరిచిపోకూడదు.

ఏబీఎస్ మాట, అంటే బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 2023 నుంచి వచ్చిన బళ్ళలో రోడ్డు, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్లు ఉన్నాయి. ట్రాక్ మీద ర్యాలీ మోడ్ కావాలి, అందులో ఏబీఎస్ పని చేయదు. మట్టిలో ఏబీఎస్ పని చేస్తూ ఉంటే బ్రేకు వదిలి వదిలి పడుతుంది, బండి మలుపు దాటి పొలంలోకి పోతుంది. హీటు మొదలయ్యే ముందు మీటరులో ఏ మోడ్ ఉందో ఒకసారి చూసుకోవడం అలవాటు కావాలి.

ఇక్కడి మట్టి గురించి. ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఎర్రమట్టిలో గులకరాయి ఎక్కువ. ముందు బండి వెనక చక్రం విసిరే రాళ్ళు ఆయిల్ కూలరు రెక్కలను వంచుతాయి, దాని ముందు సన్నని ఇనుప జాలీ కట్టుకుంటే చాలు. చీమకుర్తి పరిసరాల్లో గ్రానైటు పొడి కలిసిన దుమ్ము సంగతి వేరు. అది పిండిలా మెత్తగా ఉంటుంది గాని గరుకు కాగితంలా కోస్తుంది. ఫోర్కు సీళ్ళ పెదవుల కింద చేరి ఆయిల్ కార్పిస్తుంది, నూనె పూసిన చెయిన్‌కు అంటుకుని పళ్ళను అరగదీస్తుంది. ట్రాక్‌కు పోయే ముందు రోజు చెయిన్‌కు నూనె కొట్టి మిగిలింది గుడ్డతో తుడిచేయాలి, ట్రాక్ దగ్గర కొట్టకూడదు. ఎయిర్ ఫిల్టరు కాగితపుది. గాలి కొట్టి దులిపి మళ్ళీ పెట్టడం పొదుపు కాదు. కంప్రెసర్ గాలికి కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడతాయి, వాటిలోంచి పోయిన పొడి పిస్టన్ రింగులను తినేస్తుంది. రోడ్డు మీద వేల కిలోమీటర్లు వచ్చే ఫిల్టరు ఇక్కడ నాలుగైదు ఆదివారాలకే మార్చాలి. ఇంజిన్ ఆయిల్ కూడా అంతే, కిలోమీటర్లు చూసి కాదు, ట్రాక్ రోజులు చూసి మార్చుకోవాలి.

ఒంగోలు చుట్టూ నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ముందు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి ఇరుక్కుని చక్రం తిరగడమే మానేస్తుంది. రేగడి మీద ట్రాక్ వేసిన క్లబ్బు ఆ మూడు నెలలూ పందేలు పెట్టకపోవడమే మంచిది. క్లచ్ ప్లేట్లు కాలడం ఎక్కువగా ఇలాంటి బురదలోనే. కదలని బండిని సగం క్లచ్‌లో అరిపిస్తే పది నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది. లివరు కొసన అరంగుళం వదులు ఉండాలి, అది లేకపోయినా ప్లేట్లు జారుతూ కాలిపోతాయి.

వేసవిలో దుమ్ము కొత్తవాళ్ళకు అసలు శత్రువు. వెనక ఉన్నవాడికి దారి కనపడదు, వెనక ఉండేది ఎప్పుడూ కొత్తవాడే. నీళ్ళ లెక్క సులువు. 700 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ట్రాక్ అంటే 4,200 చదరపు మీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు మొత్తం చల్లితే నేల మీద ఒక మిల్లీమీటరు పైచిలుకు తడి. మే నెల ఎండకు అది హీటు మొదలయ్యేలోగా ఆవిరైపోతుంది. ముందు రోజు సాయంత్రం నాలుగు ట్యాంకర్లు ఇంకేలా పట్టించి, పొద్దున ఒకటి పైపైన చల్లితే దుమ్ము అదుపులో ఉంటుంది. అంతా పొద్దున్నే ఒకేసారి పోస్తే పైన బురద, కింద పొడి. ఇది చాలా చోట్ల చేసే పొరపాటు. ట్యాంకర్ల ఖర్చు భారం అనిపిస్తే ట్రాక్ పొడవు 500 మీటర్లకు కుదించుకోవడం మేలు.

పందెం తీరు కూడా బండికి తగ్గట్టుండాలి. ఒక్కో హీటులో ఆరు నుంచి ఎనిమిది బళ్ళు, ఒక్కోటి అయిదు నిమిషాలు, రోజుకు మూడు హీట్లు. పదిహేను నిమిషాల ఒక్క పందెం కన్నా ఇది మంచిది. మొదటి మలుపులో పడినవాడికి ఆ రోజు ఇంకో రెండు అవకాశాలు మిగులుతాయి, ఇంజినుకు చల్లారే వ్యవధి దొరుకుతుంది, బండి పంచుకున్న ఇద్దరికీ వంతు వస్తుంది. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ముందున్న బండిని దాటెయ్యకూడదు. ఎర్ర జెండా అంటే పందెం ఆపేశారు. నీలం అంటే వెనక వేగంగా వస్తున్నవాడికి దారివ్వాలి. ఈ మూడూ నోటికి వచ్చాకే గీత మీదికి పంపాలి.

ఇన్సూరెన్సు గురించి ముందే తెలిసి ఉండాలి. మన మామూలు బండి పాలసీలో ‘వాడకం పరిమితులు’ అన్న చోట పందేలు, వేగ పరీక్షలు వర్తించవని స్పష్టంగా రాసి ఉంటుంది. ట్రాక్ మీద విరిగిన ఫోర్కుకు క్లెయిము రాదు, కంపెనీ వారంటీ కూడా ఆశించకూడదు. పోటీలకు అనుమతీ, రైడరుకు పోటీ లైసెన్సూ ఇచ్చేది ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ, అంటే భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య. దాని కింద జరిగే పోటీలోనే మొదటి పందెం నడపడం అన్ని విధాలా మంచిది. పబ్లిక్ రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ట్రాక్‌కు వచ్చేటప్పుడు, పోయేటప్పుడు గుంపుగా వేగం పెట్టే అలవాటును క్లబ్బే ఆపాలి. ఒక్క కేసు పడితే ఊళ్ళో క్లబ్బుకు స్థలం ఇచ్చేవాళ్ళు ఉండరు.

బండి ధర లక్షన్నరకు అటూ ఇటూ ఉంటుంది గాని, అంతకన్నా ముందు బూట్లకూ, హెల్మెట్‌కూ, ఛాతీ కవచానికీ, మోకాలి కవచాలకూ డబ్బు పక్కన పెట్టాలి. చీలమండ పైదాకా గట్టిగా పట్టే మోటోక్రాస్ బూట్లు లేకుండా ఎవరినీ దిగనీయకూడదు. మలుపులో లోపలి కాలు చాపినప్పుడు మొదట మెలితిరిగేది చీలమండే. క్లబ్బు దగ్గర మూడు నాలుగు కొలతల్లో ఉమ్మడి బూట్లు ఉంటే, బండి ఉండీ బూట్లు లేక ఆగిపోయినవాళ్ళు వెంటనే దిగగలుగుతారు. క్లబ్బు నిధిలో మొదటి ఖర్చు ట్రోఫీల మీద కాదు, వీటి మీద పెట్టాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు దాన్ని రాయి మీద ఎత్తి, ముందు చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్‌ను మెల్లగా ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పండి. మధ్యలో గంటులో కూర్చున్నట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగులు, పోయింది. ఫోర్కు గొట్టాలను వేలితో చుట్టూ తడమండి, గీత తగిలితే సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతుంది. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపితే కదలిక ఉండకూడదు, ఉంటే బేరింగులు మార్చాలి. మెడ దగ్గర ఛాసిస్ వెల్డింగు మీద కొత్త పెయింటు కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయండి. ఫుట్‌రెస్టు బ్రాకెట్ వంగి ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, అది ఒకసారి పడిన గుర్తు అంతే. ఆ పేరు చెప్పి రెండు వేలు తగ్గించమని అడగొచ్చు.